గుణుపూర్‌లో ఉన్న అమ్మలుకి, పిల్లల డబ్బా గురించి

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

అమ్మలూ,

పొద్దున ఫోన్లో నువ్వు అడిగినదానికి సగమే చెప్పగలిగాను. మీ పెదనాన్న భోజనానికి కూర్చున్నారు, పెట్టేయాల్సి వచ్చింది. పెద్దోడి ఇంటర్వెల్ డబ్బాలోకి ఏం పెట్టాలి, ప్రొటీన్ పొడి కొనేయనా అన్నావు కదా. కొనకు. ఆ డబ్బులు పట్టుకుని సంతకి వెళ్తే నెలకి సరిపడా వేరుశనగ పిక్కలు, శనగలు, పెసలు వస్తాయి. ఇరవయ్యేళ్లకు పైగా అంగన్‌వాడీలో పిల్లలకి వండి పెట్టిన దాన్ని, నా మాట విను.

ముందు లెక్క చూడు. వాడికి ఎనిమిదేళ్లు. ఆ వయసు పిల్లలకి రోజుకి 23 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అన్నం, పప్పు, పాలలోనే చాలావరకు వచ్చేస్తుంది. డబ్బాలో ఏడెనిమిది గ్రాములు పడితే బెంగ లేదు. వంద గ్రాముల వేరుశనగ పిక్కల్లో దాదాపు 25 గ్రాములు ఉంటుంది. వేయించిన శనగల్లో 22, పెసలూ ఉలవలూ కూడా అటూ ఇటుగా అంతే. వాడి చిన్న గుప్పెడు శనగలు, వాటికి తోడు ముప్పాతిక గుప్పెడు పిక్కలు వేస్తే నీ ఏడెనిమిది వచ్చేసినట్టే. అదే వంద గ్రాముల బిస్కెట్లలో ఏడు గ్రాములు ఉంటే గొప్ప, మిగతాదంతా మైదా, పంచదార, నూనె.

కొనడం ఎవరైనా కొంటారు. నువ్వు నేర్చుకోవాల్సింది వేయించడం. పిల్లలు తినడం లేదని మొత్తుకునే చాలా ఇళ్లలో నేను చూసింది సగం వేగిన పిక్కలే.

ఇనప మూకుడు పెట్టు, పావుకిలోకి మించి పొయ్యకు. ముందే రెండు చెంచాల నీళ్లలో చిటికెడు ఉప్పు కరిగించి పిక్కల మీద చిలకరించి ఆరనివ్వు. సెగ సన్నగా ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, అక్కడే అందరూ మంట పెంచేస్తారు. పెంచకు, కలుపుతూ ఉండు. కాసేపటికి చిటపటమంటాయి, పొట్టు మీద అక్కడక్కడా మచ్చలు లేస్తాయి. ఒకటి తీసి, చల్లార్చి, రెండు బద్దలు చేసి చూడు. లోపల లేత బంగారు రంగు వచ్చి, నడిమధ్య తడిగా తెల్లగా ఏమీ లేకపోతే వెంటనే దింపి పళ్లెంలో పలచగా పరిచెయ్. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతాయి. వేడి మీద మెత్తగా ఉన్నాయని కంగారు పడకు, చల్లారాకే కరకరమంటాయి. పూర్తిగా చల్లారకుండా మాత్రం డబ్బాలో పొయ్యొద్దు, లోపల చెమ్మ పట్టి రెండ్రోజుల్లో మెత్తబడిపోతాయి.

వేయించేముందు ఏరడం మరిచిపోకు. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు మచ్చ ఉన్నవి, నాలుక మీద చేదు తగిలేవి పారెయ్. బూజులో పుట్టే విషం వేయించినా పోదు. అందుకే సంతలో అందరికంటే తక్కువ ధర చెప్పినవాడి దగ్గర నేను పిక్కలు కొనను.

చోళ్లకి, అదే రాగులకి, ఇక్కడ కొరత లేదు, ఒడియాలో మాండియా అని అడిగితే ఏ సంతలోనైనా ఇస్తారు. చోళ్లలో ప్రొటీన్ ఏడు గ్రాములే అయినా కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాములు. అందుకని ఒంటరిగా పెట్టకుండా పిక్కల పొడితో కలుపుతాను. మా అంగన్‌వాడీలో గోధుమలు, శనగలు, పిక్కలు వేయించి పట్టించిన ఛతువా ఇచ్చేవాళ్లు కదా, దాని దారే ఇదీ. రెండు గ్లాసుల చోడిపిండిని కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు. గ్లాసు పిక్కల పొడి, అరగ్లాసు వేయించిన నువ్వులు, గ్లాసు తురిమిన బెల్లం కలిపి, రెండు చెంచాల నెయ్యి వేడిచేసి పోసి గట్టిగా ఉండలు చుట్టు. ఉండ నిలవకపోతే ఇంకో చెంచా నెయ్యి వెయ్, నీళ్లు మాత్రం చల్లకు. నీళ్లు తగలకపోతే వారం రోజులు దిట్టంగా ఉంటాయి.

ఇక గుగ్గిళ్లు. మీ అన్నయ్య ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆలస్యమైందని, పొగలు కక్కుతున్న పెసర గుగ్గిళ్లలో పచ్చికొబ్బరి కలిపి మూత బిగించి పంపాను. మధ్యాహ్నానికి పులిసిపోయాయట. ఆకలికి అలాగే తిన్నాడు, రాత్రంతా కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. ఆ రాత్రి వాడి పక్కన కూర్చున్నది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అందుకే చెప్తున్నాను, ఉడికించినదేదైనా పళ్లెంలో ఆరబోసి, తడి లేకుండా తాలింపులో పొడిగా వేయించి పెట్టు. పచ్చికొబ్బరి ఎండాకాలం వద్దు. మొలకలైనా ఆవిరి మీద ఉడికించే పెట్టు, పచ్చివి వద్దు.

గుడ్డు పెట్టాలంటే పెంకు తియ్యకుండా పెట్టు, అదీ మొదటి ఇంటర్వెల్లోనే తినేస్తాడంటేనే. రెండు గంటలు దాటితే గుడ్డు బయట ఉండకూడదు. మన ఎండలకి ఆ రెండు గంటలు కూడా ఎక్కువే, ఎండాకాలంలో ఇంట్లోనే తినిపించి పంపు. మీల్‌మేకర్ చవక, అందులో ప్రొటీన్ కూడా అన్నిటికంటే ఎక్కువే, కానీ సాయంత్రం ఇంట్లో వేడిగా తింటేనే రుచి.

చిన్నదానికి మూడేళ్లేగా, దానికి పిక్కలు, శనగలు పూర్తివి ఇవ్వకు. గొంతులో అడ్డం పడతాయి. దంచిన పొడి చోడి ఉండలో కలిపి పెట్టు.

వాడు బడిలో సిగ్గుపడుతున్నాడన్నావు, పక్కవాళ్లంతా రంగురంగుల ప్యాకెట్లు తెస్తుంటే వీడొక్కడే గుగ్గిళ్లని. ఆ వయసులో అది చిన్న బాధ కాదు, కోప్పడకు. ఒకరోజు ఎండు బఠాణీలు రాత్రే నానబెట్టి, ఉడికించి, జీలకర్ర, ఉల్లి, నాలుగు మిరియాలతో పొడిగా వేయించి పంపు. ఒడియా పిల్లలు దాన్ని ఘుగుని అంటారు, బరాతో, అంటే మన గారెలాంటిదానితో పాటు పొద్దున్నే తినే అలవాటు వాళ్లది. చుట్టూ చేరతారు చూడు. మనం గుగ్గిళ్లన్నా వాళ్లు ఘుగుని అన్నా పేర్లు కూడా ఎంత దగ్గరగా ఉన్నాయో, నాకు చిన్నప్పటినుంచీ ముచ్చటే. పంచుకునేటప్పుడు మాత్రం పిక్కలు పడని పిల్లలెవరైనా ఉన్నారేమో టీచరమ్మని ఒకసారి అడుగు. ఆదివారం రాత్రి డబ్బాలు నింపే పని వాడికే అప్పజెప్పు, తన చేత్తో వేసుకున్నది వదిలిపెట్టడు.

శనివారం మీ అన్నయ్య గుణుపూర్ రైల్లో వస్తున్నాడు. ఐదు కిలోల చోళ్లు, నా పాత ఇనప మూకుడు పంపుతున్నాను. మూకుడు తుప్పు పట్టకుండా వాడినప్పుడల్లా కడిగి, తుడిచి, నాలుగు చుక్కల నూనె రాసి పెట్టుకో. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ