పాత కారు సేఫ్ అని అమ్మని ఒప్పించాలంటే ముందు ఒక స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి

"పాత క్లాసిక్ కారు కొందామనుకుంటున్నా, సేఫ్ కాదంటూ ఇంట్లో ఒప్పుకోవట్లేదు, ఎలా ఒప్పించాలి" అని అడిగారు కదా. 1964 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు కోసం మా అమ్మతో దాదాపు ఏడాది పాటు ఈ గొడవే పడ్డాను. ముందే చెప్పేస్తున్నా, మీ ఇంట్లోవాళ్లు చాలావరకు కరెక్టే.

నేను కూడా మొదట్లో అందరూ వాగేదే వాగాను, "అప్పటి బండ్లు గట్టి ఇనుమమ్మా, ఇప్పటివి వేలితో నొక్కితే సొట్ట పడతాయి" అని. అమ్మ అప్పటికి ఏం అనలేదు. రెండ్రోజుల తర్వాత ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. 2009లో అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే క్రాష్ టెస్టుల సంస్థ 1959 షెవర్లే బెల్ ఎయిర్‌నీ 2009 షెవర్లే మాలిబునీ గంటకి 64 కిలోమీటర్ల స్పీడులో ఎదురెదురుగా గుద్దించిన వీడియో. కొత్తదాని ముక్కు నుజ్జునుజ్జయింది గానీ డ్రైవర్ కూర్చునే చోటు అలాగే ఉంది, పాతదాంట్లో డాష్‌బోర్డు, స్టీరింగ్ అన్నీ వచ్చి డ్రైవర్ సీట్లో పెట్టిన మనిషి బొమ్మ మీదే పడ్డాయి. "ఏదిరా నీ గట్టి ఇనుము?" అంది. ఏం చెప్తాం. ముక్కు నలగాల్సిందే, అది నలగకపోతే ఆ దెబ్బంతా లోపలున్న మనిషికే. తమాషా ఏంటంటే వోల్వో మూడు పాయింట్ల సీటు బెల్టు తెచ్చింది కూడా ఆ 1959లోనే, అంటే తెలివి అప్పటికే ఉంది, చాలా కార్లకి చేరలేదంతే. నా దాంట్లో అయితే బెల్టులే లేవు.

ఆ రోజు నుంచి ఈ కారు సేఫ్ అనడం మానేసి, "ఏది బాగు చేయగలమో ఏది చేయలేమో నువ్వే చూడు" అన్నాను. అసలు పని అక్కడే మొదలైంది.

ఒక ఆదివారం కారుని స్టాండ్ల మీదకి ఎత్తి అమ్మని పిలిచాను. నాకు కారు అమ్మినాయన పెయింట్ కొత్తగా వేయించాడు, సీట్లు కుట్టించాడు, బంపర్లు అద్దంలా మెరుస్తున్నాయి, ఫ్లోర్ కూడా సూపర్ అన్నాడు. బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, తుప్పు పట్టేది ఎక్కువగా ఆ చుట్టుపక్కలే. ఆవిడ ముందు గొప్ప పోదామని కింద నుంచి అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచాను, అది అట్టముక్కలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది! పైన నల్లటి కోటింగ్ తప్ప లోపల రేకే లేదు. అమ్మ వంగి చూసి, "ఇంకో చోట పొడు" అంది, అంతే. అరిచి ఉంటే బాగుండేది. చివరికి ఆ ముక్క మొత్తం కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను.

తర్వాత బ్రేకులు. ఆ ఏడాది బీటిల్‌కి నాలుగు చక్రాలకీ పాతకాలం డ్రమ్ బ్రేకులే, పైగా సింగిల్ సర్క్యూట్, అంటే ఎక్కడో ఒక పైపు లీకైతే చాలు పెడల్ నేలకి తాకుతుంది, నాలుగు చక్రాలూ పోయినట్టే, ఇక హ్యాండ్‌బ్రేకే దిక్కు. డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాలకి తోసేది) పెట్టించాం, ఒక సగం పోయినా ఇంకో సగం పట్టేట్టు. రబ్బరు హోస్‌లన్నీ మార్చేశాం, పైకి బాగానే కనిపిస్తాయి గానీ లోపల ఉబ్బిపోయి ఫ్లూయిడ్‌ని వెనక్కి రానివ్వవు, కారు ఒక పక్కకి లాగేస్తుంది. ఇదంతా అయ్యాక బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి ఇంకో మనిషి కావాలి కదా, అమ్మనే డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. నేను చక్రం దగ్గర నిపుల్ వదులు చేస్తూ "నొక్కు... అలాగే పట్టుకో... ఇప్పుడు వదులు" అనడం, ఆవిడ నొక్కడం. పాత ఫ్లూయిడ్ మురికినీళ్లలా వచ్చింది. నాలుగో చక్రం అయ్యేసరికి అమ్మే "ఇందాక మెత్తగా దిగిపోయేది, ఇప్పుడు గట్టిగా ఆగుతోందిరా" అంది. ఏడాది పాటు నేను గొంతు చించుకున్నా ఎక్కనిది ఆవిడ పాదానికి పది నిమిషాల్లో అర్థమైంది, నన్నడిగితే ఒప్పించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

టైర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ క్లాసిక్ కార్ల వాళ్లతో నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. క్రోమ్‌కి నెలలు నెలలు పెడతారు, టైరు మాత్రం "అరగలేదు కదా" అంటారు. ఏడాదికి నాలుగుసార్లు తీసే బండికి టైరు ఎలా అరుగుతుంది, అది ఎండిపోయి పగులుతుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 0906 అంటే 2006లో తొమ్మిదో వారం తయారైందని. నా వాటి మీద సరిగ్గా అదే ఉంది, అమ్మినాయనకేమో అవి "కొత్త టైర్లు"!

మూడు పాయింట్ల బెల్టులు పెట్టించాం. బాగు చేయలేనివి కూడా దాచకుండా చెప్పాను, ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు, తలకి ఆనుడు లేదు, స్టీరింగ్ రాడ్డు గుద్దుకుంటే ముడుచుకునే రకం కాదు, పెట్రోల్ ట్యాంకు ముందు డిక్కీలో ఉంటుంది, లైట్లు ఆరు వోల్టులవి. ఇవి విన్నాక కథ మళ్లీ మొదటికొస్తుందేమో అనుకున్నా గానీ ఆవిడ ఆలోచించి "అయితే రాత్రిపూట వద్దు, హైవే వద్దు, వానలో వద్దు" అంది, నేను సరేనన్నాను. వాన విషయంలో ఒకట్రెండుసార్లు తప్పాననుకోండి, ఆవిడకి తెలీదు.

ఇప్పుడు పక్క సీట్లో కూర్చుంటుంది, నేను ముందు బండికి కొంచెం దగ్గరైతే చాలు ఆవిడ కుడికాలు ఖాళీ నేలని తొక్కేస్తుంటుంది. మొన్న మాత్రం బెల్టు పెట్టుకుంటూ "బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లవుతోంది కదరా, మళ్లీ ఎప్పుడు తొక్కాలి?" అని అడిగింది.