టార్‌కి మన ఇంటి నెట్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ఇంట్లో ఫైబర్ నెట్ రాత్రంతా ఊరికే పడుంటాది. నెట్‌లో ఎవరు ఏం చూస్తాండారో తెలీకుండా దాచే టార్ నెట్‌వర్క్‌ని వాలంటీర్లే నడుపుతారంట కదా, నేనూ సాయం చేద్దామనుకుంటాండా. పోలీసులొస్తారేమో అని మా నాయన భయం.

జవాబు: ఆయన భయం ఉత్తదేం కాదు తమ్ముడూ. టార్‌లో డేటా మామూలుగా వాలంటీర్లవి మూడు కంప్యూటర్లు (వీటినే రిలేలంటారు) దాటుకొని పోతాది, మొదటిదానికి నువ్వెవరో తెలుసు గానీ యాడికి పోతాండావో తెలీదు, చివరిదానికి యాడికో తెలుసు నువ్వెవరో తెలీదు. ఆ చివరిది ఎగ్జిట్ రిలే, ఎవడో దొంగపని చేసినా వెబ్‌సైటోళ్లకి కనపడేది దాని ఐపీనే (నెట్‌లో దాని అడ్రస్), కంప్లయింటూ దాని మీదికే వస్తాది, ఇంట్లో అది మాత్రం పెట్టొద్దు. మధ్య రిలే పెడదామంటే బయటోళ్లు నేరుగా చేరుకోగలిగే సొంత పబ్లిక్ ఐపీ ఉండాల, మన ఇండ్ల కనెక్షన్లకి చాలావాటికి అదుండదు.

నన్నడిగితే స్నోఫ్లేక్ పెట్టుకో. ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో ఎక్స్‌టెన్షన్ వేసి ఆన్ చేస్తే చాలు, టార్‌ని బ్లాక్ చేసిన దేశాలోళ్లు నీ బ్రౌజర్ గుండా టార్ లోపలికి పోతారు, ఆమీద వాళ్లు చూసే సైట్లకి నీ ఐపీ కనపడదు. కడపలో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో వేసినా, ఎవరన్నా కనెక్టయితే ఐకాన్ పచ్చగా మారుతాది, మా ఆవిడైతే "ఎవరో వచ్చినారు చూడు" అంటాది చుట్టాలొచ్చినట్టు! డేటా లిమిట్ ఉంటే మాత్రం ఓ కన్నేసి పెట్టు.