సేన్ వెరాన్ రాయి: పలకరాయా, సున్నపురాయా?

ఫ్రాన్స్‌లోని కేరాస్ ప్రాంతంలో, సేన్ వెరాన్ గ్రామం దగ్గర మీరు ఏరిన బూడిదరంగు రాయి అభ్రకంలా మెరుస్తూ, రేకులుగా చీలుతూ, నిమ్మరసం పడితే నురగ కక్కుతోందని, దాన్ని పలకరాయి అనాలో సున్నపురాయి అనాలో తేలడం లేదని రాశారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది రెండూ కాదు, కాల్క్‌షిస్ట్, అంటే సున్నం కలిసి, రేకులుగా చీలే రూపాంతర శిల; అక్కడి ఈ శిలలనే ఫ్రెంచివారు ‘షిస్త్ లూస్త్రే’, అనగా మెరిసే షిస్టులు, అంటారు.

జురాసిక్, క్రెటేషియస్ యుగాలలో ఇప్పటి ఆల్ప్స్ పర్వతాల చోట ఒకప్పుడు ఉన్న ఆల్పైన్ టెథిస్ సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద, బంకమట్టి తరువాత భూఫలకాల తాకిడిలో లోతుకు కూరుకుపోయి తీవ్రమైన ఒత్తిడికి గురైనప్పుడు, బంకమట్టి తెల్ల అభ్రకంగానూ సున్నం కాల్సైట్ స్ఫటికాలుగానూ మారాయి. మెరుపు, చీలిక అభ్రకం వల్ల. నురగ కాల్సైట్ వల్ల. మన మార్కాపురం పలకరాయి కూడా బంకమట్టి నుంచి పుట్టినదే అయినా అంత మార్పు చెందలేదు కనుక అందులో అభ్రకపు రేకులు కంటికి కనిపించవు.

నిర్ధారణకు రాయిని మేకుతో గీకి, ఆ పొడిమీద వెనిగర్ చుక్క వేయండి. తెల్లని చారలను మాత్రం నమ్మకండి: చాకు గీత పడితే కాల్సైట్ కావచ్చు, పడకపోతే క్వార్ట్జ్. పక్కనే దొరికిన నునుపైన ముదురాకుపచ్చ ముక్క నురగ కక్కకపోతే అది బహుశా సర్పెంటినైట్, ఆ సముద్రపు అడుగు శిలే.