ముక్కనుమ నాడు ఎనిమిది చోట్లు, లామినేషన్ చేసిన ప్లాను

ప్రశ్న: శ్రీకాకుళం, విజయనగరం వైపు ఫ్రెండ్స్‌తో శని, ఆదివారాల్లో వెళ్ళి రావాలనుకుంటున్నాం. రెండు రోజుల్లో ఎన్ని చోట్లు చూడొచ్చు? ఎలా ప్లాన్ చేసుకోవాలి?

రోజుకి ఒకటి. మహా అయితే ఒకటిన్నర.

నవ్వకండి. నాది శ్రీకాకుళంలో జిరాక్సు కొట్టు. ఈ రోజుల్లో కూడా జనం టూర్ ప్లాన్లు ప్రింట్ తీయించుకుంటారని కొట్టు పెట్టాకే తెలిసింది. శుక్రవారం సాయంత్రం వస్తారు, వాట్సాప్‌లో పంపిస్తారు, తీసి చేతిలో పెడతాను. ‘రెండు రోజులు, పదకొండు ప్రదేశాలు.’ ఒకడు భోజనానికి పావుగంట రాసుకున్నాడు. నాకెందుకులే అని పేజీకి రెండు రూపాయలు తీసుకుని ఊరుకుంటాను. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ముందు రైలు గొడవ ఒకటి ఉంది. బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని చూసి దిగిపోయి, ఊరెక్కడండీ అని అడిగేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మాది ఆమదాలవలసే. ఆ స్టేషను మా ఊళ్ళో ఉంది. శ్రీకాకుళం టౌను అక్కణ్ణుంచి ఇంకో 12, 13 కిలోమీటర్లు. ‘రోడ్’ అన్న మాటకి అర్థం అదే, ఊరికి పోయే రోడ్డు అని. రాత్రి పూట దిగితే ఆటోవాడు ఎంత చెబితే అంత. మీ ప్లానులో ఆ గంట రాసుకోండి, ఎవరూ రాసుకోరు.

ఇంకోటి, ‘విజయనగరం వస్తున్నాం, అరకు చూసుకుని పోతాం’ అనేవాళ్ళు. అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, అంతకుముందు విశాఖ జిల్లా. విజయనగరానిది ఎప్పుడూ కాదు. ఆ మాటకొస్తే 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా సీతంపేట కొండలు కూడా పార్వతీపురం మన్యంలోకి పోయాయి, రాజాం విజయనగరానికి పోయింది. బంధువులు వస్తే ‘మా జిల్లా జలపాతం’ అని తీసుకెళ్ళి చూపించేవాణ్ణి, ఇప్పుడు పక్క జిల్లాకి తీసుకెళ్ళినట్టుంది. దానికీ మీ ప్రశ్నకీ సంబంధం లేదనుకోండి.

అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్ళ కింద సంక్రాంతికి మా బ్యాచ్‌లో ఒకడు బెంగళూరు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేరు. వస్తూ వస్తూ ఎక్సెల్ షీటు ఒకటి తయారు చేసుకొచ్చాడు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, అందుకని ముక్కనుమ నాడు బయల్దేరడానికి ముహూర్తం. ఆ రోజు ఆదివారం పడింది. షీటులో వరస ఇదీ: 6.30కి అరసవల్లి, 7.15కి శ్రీకూర్మం, 8.30కి శాలిహుండం, 10కి కళింగపట్నం, 12కి రావివలస మల్లన్న, 2కి తేలినీలాపురం పక్షులు, 3.30కి బారువ బీచ్, 5.30కి మందసలో కోవా కొనుక్కోవడం. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క రంగు. నా కొట్లోనే నాలుగు కాపీలు తీసి, వాడి బలవంతం మీద ఒకటి లామినేషన్ కూడా చేశాను. ‘బండి మీద వెళ్తాం కదరా, మంచు పడి తడిసిపోద్ది’ అన్నాడు. బారువ ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్ల పైమాటే అని నాకు తెలుసు. పండగ పూట గొడవెందుకని అనలేదు.

ఎనిమిదిమంది వస్తామన్నారు. పొద్దున్న ఆరింటికి ఏడురోడ్ల జంక్షన్లో తేలింది నలుగురం. ఒకడికి ఫోన్ చేస్తే ‘ఆన్ ది వే రా’ అన్నాడు, వెనకాల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. జనవరిలో ఫ్యాను ఎందుకు వేసుకున్నాడో అది వేరే సంగతి. వాడి కోసం టీ తాగుతూ గంట నిలబడ్డాం. చివరికి ఆరుగురం, మూడు బళ్ళు.

అరసవల్లి రెండు మూడు కిలోమీటర్లే. సూర్యనారాయణ స్వామి గుడికి, ఆదివారం నాడు, అదీ సంక్రాంతి వారంలో వెళ్ళేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. షీటులో ముప్పావుగంట, క్యూలో రెండున్నర గంటలు. బెంగళూరోడు లైన్లో నిలబడే మిగతా టైములన్నీ సెల్లులో మార్చుకుంటున్నాడు. మా వెనకాలున్న ముసలాయన ఒకాయన ‘ఏటి బావూ, పరీక్షలేటి?’ అనడిగాడు. (గర్భగుడిలో మూలవిరాట్టు పాదాల మీద ఎండ పడేది మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులే. ఏడాది పొడుగునా పడుతుందనుకుని వచ్చేవాళ్ళున్నారు. రథసప్తమికైతే అటువైపు రాకండి, మేమే వెళ్ళం.)

శ్రీకూర్మం చేరేసరికి మధ్యాహ్నం గుడి తలుపులు వేసేశారు. ఇక్కడ నాకు ఆనందంగానే ఉంది, ఎందుకంటే కూర్మనాథుడి గుడి బయట్నుంచి చూసినా కడుపు నిండుతుంది. స్వామి పడమటి ముఖం. తూర్పునొకటి, పడమరనొకటి, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళుంటాయి, డొప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా. మా వాళ్ళు కంచె పట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డారు. ఒక తాబేలు ఆకు దగ్గరికి మెల్లగా వస్తోంది. మాలో స్కూలు మేస్టారొకడున్నాడు. ‘దీని దగ్గరా షీటుంటే ఈ ఆకు మార్చికి తినేది’ అన్నాడు. బెంగళూరోడు తప్ప అందరం నవ్వాం.

శాలిహుండం కొండెక్కేసరికి ఎండ బాగా వాలింది. ఇది మాత్రం చూడండి, ఇంకేం చూడకపోయినా. వంశధార నది పక్క నుంచి పోతుంటుంది, కొండ మీద బౌద్ధుల ఇటుకల స్తూపాలు, చైత్యగృహాలు (అంటే వాళ్ళ పూజా మందిరాలు). జనం ఉండరు. మేస్టారు మొదలెట్టాడు: ఈ కొండ సంగతి 1919లో బయటపెట్టింది గిడుగు రామమూర్తి పంతులు గారు, అదే, వాడుక భాష కోసం పోట్లాడిన ఆయన, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజుకే, ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార ఒడ్డే. ఇక్కడ తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి... అంటూ నలభై నిమిషాలు. ఒకడు స్తూపం నీడన పడుకుని గురక పెట్టాడు. నేను మాత్రం విన్నాను. ఆమదాలవలసలో పుట్టి పెరిగి, గిడుగు వారి పేరు పాఠంలో చదివి, ఆయన ఈ కొండెక్కారని నాకు తెలీదు.

అక్కణ్ణుంచి కళింగపట్నం ఓ పది కిలోమీటర్లు. చేరేసరికి నాలుగు దాటింది, పొద్దున్న తిన్న రెండిడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. రావివలస, తేలినీలాపురం, బారువ, మందస అన్నీ గాలికి పోయాయని బెంగళూరోడికీ అర్థమైంది, మాట్లాడ్డం మానేశాడు. ఒడ్డున వల లాగుతున్నారు. నిగనిగలాడే కానాగంతలు కుప్ప పోస్తే మా బుల్లెట్ గాడు ఆవేశపడి ఐదొందలకి సంచెడు కొన్నాడు. కొన్న తర్వాత గుర్తొచ్చింది, మాలో ఒక్కడికీ చేప కొయ్యడం రాదు. ఆరుగురు మగాళ్ళం, ముప్పై ఏళ్ళు పైబడినవాళ్ళం, ఇసకలో సంచి పెట్టుకుని దానికేసి చూస్తున్నాం.

ఒకావిడ వల పక్క నుంచి చూస్తోంది. అరవై దాటి ఉంటాయి.

‘కొనీసినారు గానీ కొయ్యడం రాదేటి?’

‘రాదమ్మా.’

‘ఒండడం?’

ఎవరం మాట్లాడలేదు.

‘మూడొందలియ్యండి. పులుసులో సగం నాది. బియ్యం, నూని, సింతపండు, ఎండుమిరగాయలు మీరు తెండి.’

బేరం లేదు. జాలి కూడా ఏమీ లేదు ఆవిడ మొహంలో. ఇద్దరు కొట్టుకి పరిగెత్తారు. ఆవిడ ఇంటి వెనకాల కత్తిపీట వేసుకుని కూర్చుని, చేపకి బూడిద రాసి, తోకా మొప్పలూ తీసి, గాట్లు పెట్టి పక్కన పడేస్తోంది. ఒక్కోదానికి నేను పది లెక్కపెట్టేలోగా అయిపోతోంది. నాకొకటి ఇచ్చింది. బూడిద రాసుకున్నా జారిపోయి నేల మీద పడింది. ‘ఒగ్గీ బావూ, మట్టి తింటామేటి’ అని లాక్కుంది.

బెంగళూరోడు గోడకి ఆనుకుని ఫోన్లో సిగ్నలు వెతుక్కుంటున్నాడు. ఆవిడ వాణ్ణి చూసింది. ‘ఏటి సూస్తన్నావు, ఇలా రా, నూరు’ అంది. సన్నికల్లు ముందు కూర్చోబెట్టింది. ధనియాలు, జీలకర్ర, నానబెట్టిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి. వాడు పొత్రాన్ని రొట్టెల కర్రలా దొర్లిస్తున్నాడు. ‘దొర్లించకు, తోయి. ఒళ్ళంతా ఒంచి తోయాల’ అని వెనకనుంచి భుజం మీద ఒక్కటి వేసింది. అరగంట నూరాడు. కళ్ళు, ముక్కు కారుతున్నాయి, చెయ్యి కళ్ళకి పెట్టుకున్నాడు, ఇంకా కారాయి. ఆ పొడుగునా షీటు మాట ఎత్తలేదు. బహుశా ఆ సెలవుల్లో వాడు ఫోను ముట్టుకోనిది ఆ అరగంటే.

పుల్లలు తడిగా ఉండి పొయ్యి రాజుకోవట్లేదు. విసరడానికి ఏమైనా ఉందా అని ఆవిడ అడిగితే నేను బండి కవర్లోంచి లామినేషన్ చేసిన ప్లాను తీసిచ్చాను. భలే గట్టిగా ఉంది, గాలి బాగా వచ్చింది. పని బాగా చేశానని అప్పుడు నాకే అనిపించింది.

దాకలో పులుసు ఉడుకుతుంటే నదీ సముద్రం కలిసే చోట స్నానం చేద్దామని ఇద్దరు చొక్కాలు విప్పారు. ఆవిడ పొయ్యి దగ్గర నుంచే అరిచింది: ‘మొగ కాడికి ఎల్లకండి! పైకి నెమ్మదిగుంటాది, కింద లాగీస్తాది!’ ఆ గొంతుకి ఇద్దరూ చొక్కాలు తొడుక్కున్నారు. ఇది మీకు కూడా. మొగ దగ్గర నీళ్ళు చెరువులా కనిపిస్తాయి, ఏటి పోటూ సముద్రం పోటూ కిందే కొట్టుకుంటాయి. అక్కడ ఈతలొద్దు. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం, అయినా ఫోటో కోసం మోకాలు లోతు అనుకుంటూ దిగుతారు. బీరుసీసాలు పగలగొట్టి ఇసకలో వదిలేసేవాళ్ళ గురించి రాస్తే ఈ జవాబు పూర్తవదు. ఆ వలలు లాగేవాళ్ళు ఉత్త కాళ్ళతో నడుస్తారండీ.

తిన్నాం. ఇంత అన్నం, ఇంత పులుసు, చీకట్లో లైట్‌హౌస్ దీపం తిరుగుతుంటే. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. సగం పులుసు ముందే తీసి మూత పెట్టేసుకుంది ఆవిడ, మాట అంటే మాటే. లేచేటప్పుడు బెంగళూరోడు ఫోన్ తీశాడు. చేపలు ఐదొందలు, సరుకులు మూడొందలు, ఆవిడకి మూడొందలు, వెరసి 1,100, తలా 183 రూపాయల 33 పైసలు. యాప్‌లో అందరికీ రిక్వెస్ట్ పంపాడు. ఈ లెక్కల యాప్‌లు వచ్చాకే స్నేహాలు చెడిపోతున్నాయని నా గట్టి నమ్మకం. మా రోజుల్లో ఒకడు పెట్టేవాడు, ఇంకొకడు మర్చిపోయేవాడు, పదేళ్ళు దాన్ని పట్టుకుని తిట్టుకునేవాళ్ళం. ఆ 33 పైసలు నేను ఇప్పటికీ ఇవ్వలేదు.

మరుసటేడు సంక్రాంతికి మేమే అడిగి మరీ అక్కడికే వెళ్ళాం. ఈసారి ఎనిమిది చోట్లు లేవు, నలుగురమే. ఆవిడ పొయ్యి పక్కన మా ప్లానుంది. ఒక మూల కాలి ముడుచుకుపోయింది, పొగచూరి రంగులన్నీ ఒకటే అయ్యాయి. ‘6.30 అరసవల్లి’ మాత్రం చదవొస్తోంది. కొత్తది తెచ్చారా అని అడిగింది.

సరే, మీ ప్రశ్న. మీరు ఏ నెలలో వస్తారో చెప్పలేదు. చలికాలమైతే తేలినీలాపురం, గూడబాతులు చెట్ల మీద పిల్లల్ని పెట్టుకుని ఉంటాయి, ఊళ్ళోవాళ్ళు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు, అక్కడ కేకలు వెయ్యకండి. గుళ్ళంటే శ్రీముఖలింగం ఒక్కటి పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండండి. విజయనగరం వైపైతే రామతీర్థం. గుడి తర్వాత బోడికొండా, గురుభక్తులకొండా ఎక్కాలి. కాళ్ళు నొప్పులంటే తాటిపూడి దగ్గర గోస్తనీ నీళ్ళు చూస్తూ కూర్చోండి. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. అది చూడాలంటే కోట దగ్గర పొద్దున్నే చోటు చూసుకోండి, లాడ్జి మీద ఆశ పెట్టుకోకండి. నలుగురికి మించొద్దు. అయిదో వాడు ఎప్పుడూ ‘ఆన్ ది వే’లోనే ఉంటాడు.

ఇంత చెప్పినా ప్లాన్ వేసుకుంటామంటే వేసుకోండి, నా కొట్టు డే అండ్ నైట్ జంక్షన్ పక్క సందులోనే. లామినేషన్ మాత్రం తప్పకుండా చేయించండి. గాలి బాగా వస్తుంది.