సౌత్ యారాలో అద్దెకు దిగే ముందు

సందేహం: విశాఖలో కిర్లంపూడి లేఅవుట్‌లో ఉంటున్నాం. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. సౌత్ యారాలో ఫ్లాట్ తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పట్లో కారు కొనే ఉద్దేశం లేకపోతే తీసుకోండి. టూరక్ రోడ్డు మీద 58, చాపెల్ స్ట్రీట్‌లో 78 నంబరు ట్రాములు తిరుగుతాయి. రైల్వే స్టేషను కూడా దగ్గరే. అద్దె ఎక్కువ కట్టేది ఆ సౌకర్యానికే కాబట్టి కిర్లంపూడి ఇంట్లో ఉన్నంత చోటు ఆశించకండి. కూరగాయలకు ప్రహ్రాన్ మార్కెట్ ఉంది గానీ, ఎంవీపీ రైతుబజారు ధరలు మర్చిపోవాల్సిందే. పప్పులకు, పచ్చళ్లకు డాండినాంగ్‌లోని లిటిల్ ఇండియాకు వెళ్లి నెలకోసారి తెచ్చుకోవడం మేలు.

ఇక్కడ అద్దె వారం లెక్కన చెబుతారు. 650 డాలర్లంటే మనవాళ్లు నాలుగుతో హెచ్చవేసి నెలకు 2,600 అనుకుంటారు. 52తో హెచ్చవేసి 12తో భాగించండి: 2,817 వస్తుంది. వారం అద్దె 900 దాటని ఇళ్లకు బాండు, అంటే మన అడ్వాన్సు లాంటి డిపాజిట్, నెల అద్దెకు మించకూడదు. ఆ డబ్బు ఓనరు దగ్గర ఉండదు, ప్రభుత్వ బాండు అథారిటీలో జమ అవుతుంది. అక్కడి నుంచి రసీదు రాకపోతే ఏజెంటును అడగండి.

ఇల్లు చూడ్డానికి ఇచ్చేది పావుగంటే. అదంతా బాల్కనీలోనే గడిపేయకండి. వంటింట్లో చిమ్నీ పొగ ఎటు పోతుందో అడగండి. చాలా ఫ్లాట్లలో అది ఫిల్టరు గుండా లాగిన గాలినే మళ్లీ గదిలోకి వదులుతుంది. ఎండుమిర్చి తాళింపు పడగానే పొగ అలారం మోగుతుంది. కంగారులో అందరూ చేసే పని, పొగ పోతుందని మెయిన్ డోర్ తీయడం. పొగ కారిడార్లోకి చేరితే అక్కడి డిటెక్టరు బిల్డింగంతటికీ అలారం కొడుతుంది, ఫైరింజన్లు దిగుతాయి. ఉత్తుత్తి అలారానికి వేసే ఛార్జీ వేల డాలర్లు కూడా కావచ్చు, అది చివరికి మీ నెత్తినే పడవచ్చు. తీయాల్సింది బాల్కనీ తలుపు. అలారానికి కవరు చుట్టే తెలివితేటలు మాత్రం వద్దు.

ఇంట్లో దిగాక, ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్టు ఐదు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. కార్పెట్ మరకలు, ఓవెన్ లోపలి జిడ్డు, వంటగట్టు మీది గాట్లు అన్నీ ఫొటోలు తీసి జతచేయండి.

కారు కొంటే తిప్పలు వేరు. సిటీ నడిబొడ్డు కౌన్సిళ్లు చాలావరకు కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లకు వీధి పార్కింగ్ పర్మిట్ ఇవ్వవు. ఫ్లాటుకు పార్కింగ్ ఉందన్నా, అది కార్లను ఒకదానిపై ఒకటి ఎత్తిపెట్టే స్టాకరేమో కనుక్కోండి. స్టాకరైతే ఎత్తు, బరువు పరిమితులు ఏజెంటు నుంచి ఈమెయిల్లో తెప్పించుకున్నాకే కారు షోరూముకు వెళ్లండి. చాలా ఎస్‌యూవీలు అందులో పట్టవు.