పెదవి ఎటు తిరిగి ఉంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాన వెలిశాక గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని పువ్వు వాసన చూశానని, వనిల్లాలా ఉందని రాసిన వాక్యం బాగుంది. ఆ తర్వాతే నాకు కోపమొచ్చింది.

ఆల్ప్స్ పచ్చికలో జిమ్నడీనియా, నైగ్రిటెల్లా అనే రెండు ఆర్కిడ్‌లకు పుట్టిన సంకరం కనపడిందన్నావు. అద్భుతం, అపురూపం, మాటలకందనిది అన్నావు. మాటలకు అందేదాకా అక్కడే కూర్చోవలసింది. ఆ పువ్వు పెదవి ఎటు తిరిగి ఉంది? జిమ్నడీనియా విచ్చుకునేసరికి అండాశయం అరచుట్టు మెలి తిరిగి, పెదవిలాంటి రేక కిందికి వస్తుంది. నైగ్రిటెల్లా అలా తిరగదు, పెదవి పైకే ఉంటుంది. వీటి బిడ్డ తిరగబోయి మధ్యలో ఆగిపోతుంది. ఒకే కంకిలో ఒక పువ్వు పక్కకి చూస్తే ఇంకోటి ఏటవాలుగా చూస్తుంది. వెనకనున్న తేనెగొట్టం మామూలుగా కనపడే జిమ్నడీనియాకు సెంటీమీటరు దాటి సన్నగా సాగుతుంది, నైగ్రిటెల్లాకు మిల్లీమీటరో ఏమో. బిడ్డది ఆ రెంటికీ నడుమ. వేలెడు కంకిలో రెండు వంశాల కథ కనపడుతుంటే నువ్వు ఆకాశం వర్ణించావు!

కొలతలు రాస్తే పాఠకుడు పారిపోతాడని నీకూ ఎవరో చెప్పి ఉంటారు. ఒక సంపాదకుడు నా వ్యాసంలో మిల్లీమీటర్లన్నీ కొట్టేసి 'వనకన్య' అని పేరు పెట్టాడు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

నేనూ మొదట్లో ఒక తెల్లటి కంకిని చూసి సంకరమని రాసేశాను. గొట్టం పొడవెంత అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. నేను కొలవలేదు. మరుసటి వేసవిలో వెళ్తే పచ్చిక అంతా కోసేశారు. అది గులాబీరంగు జాతిలోనే తెల్లగా పూసిన మొక్క అయి ఉండాలని ఇప్పుడనుకుంటాను. తేల్చే దారి లేదు. అప్పటినుంచి చుట్టూ ఉన్న తల్లిదండ్రుల్ని రాయకుండా బిడ్డ పేరు రాయలేదు.

ఇంకొకటి. కంకి తెంచి డైరీలో పెట్టుకున్నావట. వేరే ఆర్కిడ్ ఒక్క కాయలో 6,200 గింజలుంటాయని డార్విన్ లెక్కగట్టాడు. ధూళిలాంటి ఆ గింజలో తిండి నిల్వ ఉండదు, మట్టిలో తగిన శిలీంధ్రం దొరికితేనే మొలుస్తుంది. అందుకే అన్ని గింజలు. ఇక తెంచకు. లెన్సు, స్కేలు పట్టుకెళ్లి బోర్లా పడుకుని చూడు.

డైరీలో ఆ కంకి ఇంకా ఉందా? ఉంటే అండాశయం ఎంత మెలి తిరిగిందో లెన్సు కింద చూసి నాకు రాయి.