మేజిస్ట్రేట్ జడ్జికి కేసు అప్పగించే ఫారంపై సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటున్నాం. నేను పనిచేసిన స్టోర్ ఓవర్‌టైమ్ జీతం ఎగ్గొట్టిందని ఫెడరల్ కోర్టులో దావా వేశాను. కేసు విచారించి తీర్పు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్ జడ్జికి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని కోర్టు క్లర్కు ఒక ఫారం పంపారు. మా లాయర్ సంతకం పెడదాం అంటున్నారు. మేజిస్ట్రేట్ అంటే కింది కోర్టు, ఒప్పుకోవద్దని ఊళ్లో ఉన్న మా నాన్నగారు అంటున్నారు. వద్దంటే జడ్జిగారికి కోపం వస్తుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. వద్దనే హక్కు మీకు పూర్తిగా ఉంది. వద్దన్నందుకు మీ కేసుకు ఏ నష్టమూ రాకూడదని చట్టమే చెబుతోంది. పైగా రెండు పక్షాలూ ఒప్పుకుంటే తప్ప, ఎవరు ఏమన్నారో జడ్జికి తెలియనివ్వకూడదని ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ 73వ రూల్ అంటోంది. అందుకే ఒప్పుకుంటేనే ఫారం తిరిగి పంపండి, అదీ జడ్జికి కాదు, క్లర్కుకే అని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. ఒప్పుకోకపోతే దాన్ని కోర్టులో దాఖలు చేయకండి.

ఇక మీ నాన్నగారి మాట. మన దగ్గర మేజిస్ట్రేట్ క్రిమినల్ కేసులు చూసే కింది కోర్టు కాబట్టి ఆయన అలా అనుకోవడం సహజం. అమెరికాలో మేజిస్ట్రేట్ జడ్జి అదే ఫెడరల్ జిల్లా కోర్టులో కూర్చుంటారు. ఆ కోర్టులోని డిస్ట్రిక్ట్ జడ్జీలే ఆయన్ని 8 ఏళ్ల కాలానికి నియమిస్తారు. డిస్ట్రిక్ట్ జడ్జిని మాత్రం అధ్యక్షుడు సెనేట్ ఆమోదంతో నియమిస్తారు, ఆ పదవి జీవితకాలం. ఎవరి ఒత్తిడికీ లొంగకుండా ఉండడానికి రాజ్యాంగం ఆ భద్రత కల్పించింది. అలాంటి జడ్జి ముందు విచారణ కోరే హక్కు మీది. దాన్ని మీ అంతట మీరు వదులుకుంటేనే మేజిస్ట్రేట్ జడ్జి తుది తీర్పు ఇవ్వగలరు. 1979లో వచ్చిన ఈ ఏర్పాటుకు మూలం ఇదే.

సంతకం పెట్టినంత మాత్రాన మీ తీర్పు విలువ తగ్గదు. జ్యూరీ కావాలని సకాలంలో అడిగి ఉంటే జ్యూరీ ఉంటుంది. అప్పీల్ నేరుగా న్యూ ఆర్లీన్స్‌లోని ఐదో సర్క్యూట్ కోర్టుకే వెళుతుంది.

సంతకం పెట్టకపోతే మేజిస్ట్రేట్ జడ్జి మీ కేసు జోలికే రారు అనుకోకండి. డాక్యుమెంట్ల మార్పిడి లాంటి విషయాలు ఆయనకు అప్పగించవచ్చు. కేసు కొట్టేయమని ఎదుటివాళ్లు పిటిషన్ వేస్తే, దానిపై ఏం చేయాలో డిస్ట్రిక్ట్ జడ్జి ఆయన చేత సిఫార్సు రాయించుకోవచ్చు కూడా. ఆ సిఫార్సుపై 14 రోజుల్లో అభ్యంతరాలు రాయాలి, అప్పుడు డిస్ట్రిక్ట్ జడ్జి ఆ భాగాలను మళ్లీ మొదటి నుంచి చూస్తారు. ఒకే పోరాటం రెండుసార్లు చేసినట్టే. పైగా తీవ్ర నేరాల కేసులు డిస్ట్రిక్ట్ జడ్జి దగ్గరే నడుస్తాయి. వాటిలో ట్రయల్ మొదలుపెట్టడానికి సాధారణంగా 70 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సివిల్ కేసులు వెనక్కి జరుగుతుంటాయి. ట్రయల్ తేదీ నిలబడాలంటే మేజిస్ట్రేట్ జడ్జి దగ్గర అవకాశం ఎక్కువ. మీలా జీతం కోసం ఎదురుచూసే మనిషికి అది చిన్న విషయం కాదు. ఆ జడ్జి పనితీరు మీ లాయర్‌కు తెలిసి, ఆయన మీద నమ్మకం ఉంటే, సంతకం పెట్టమనే నా సలహా.

అయితే ఒకసారి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అసాధారణ పరిస్థితులున్నాయని మీరు చూపించాలి, లేదా తగిన కారణం ఉందని కోర్టే అనుకోవాలి. తీర్పు ఎటు పోతుందో చూసి మనసు మార్చుకుంటానంటే కుదరదు. సంతకం పెట్టకుండా ఊరుకుని విచారణలో పాల్గొనడమూ ప్రమాదమే. టెక్సాస్ జైలు ఖైదీ ఒకరు వేసిన దావాలో ఇద్దరు ప్రతివాదులు ఫారం ఇవ్వకుండానే మేజిస్ట్రేట్ జడ్జి ముందు ట్రయల్ అంతా నడిపారు. వాళ్ల ప్రవర్తనే సమ్మతి అని 2003లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. వద్దనుకుంటే మొదట్లోనే ఆ మాట లాయర్ చేత క్లర్కుకు చెప్పించండి.

ఇంకొక్కటి: మేజిస్ట్రేట్ జడ్జీలు రాజీ చర్చలు కూడా నడుపుతారు. ఎంతకు దిగుతారో అక్కడ మనసు విప్పి చెబుతారు కాబట్టి, మీ కేసులో తీర్పు ఇవ్వబోయే జడ్జే ఆ చర్చలు నడపకుండా వేరొకరిని కేటాయించమని కోరాలి. సంతకం పెట్టే ముందే ఈ విషయం మీ లాయర్‌తో మాట్లాడండి.